ముసలిగెడ్డ కంప్యూటర్ పదోన్నతి

మాది ముసలిగెడ్డ అనే కొండవాగుకి వరద ముందస్తు హెచ్చరికల విభాగం. నేను అందులో డిస్పాచ్ గుమాస్తాని.

మా పని వినడానికి తేలిక. కొండల్లో వాన పడితే పైన నీటిమట్టం కొలిచే గేజి దగ్గర నీరు ఎంత పెరిగిందో ఆ లెక్క దానంతటదే మా కంప్యూటర్‌కి వచ్చేస్తుంది. కంప్యూటర్ దాన్ని గుణించి, భాగించి, దిగువనున్న ఐదు ఊళ్లకి ఎంత నీరు ఎప్పుడొస్తుందో తేలుస్తుంది. ఆ సంగతి మేం జనం ఫోన్లకి మెసేజి పంపుతాం. కొండ దిగి నీళ్లు ఊళ్లోకి రావడానికి ఆరు గంటలు పడుతుంది. మా కంప్యూటర్ లెక్క తేల్చడానికి తొమ్మిది గంటలు పడుతుంది.

అందుచేత "వరద రాబోవుచున్నది" అన్న మెసేజి, గోడల బురద కడుక్కుంటున్న జనానికి చేరేది. ఒక ఏడాది ఎవరో పైకి ఫిర్యాదు రాశారు. మా ఆఫీసుకి పెద్ద ఇంజనీరు, ఈ.ఈ. కూర్మారావు గారు దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. తలుపేసుకుని కూర్చుని, గంటా నిమిషం తీసేసి, స్వయంగా భాష సవరించారు. "వరద వచ్చును, లేదా వచ్చియుండును. ప్రజలు అప్రమత్తముగా ఉండవలెను, లేదా ఉండవలసియుండెను." ఆ తర్వాత మా మెసేజిలో తప్పు పట్టడానికి ఎవరికీ సందు దొరకలేదు.

ఈ పరిస్థితుల్లో, ప్రతి ఆఫీసు నుంచీ ఒకరు కంప్యూటర్ సామాన్లు బిగించడం నేర్చుకు రావాలని ఆర్డరొచ్చింది. వారం రోజుల శిక్షణ. పని నేర్చుకున్నవాడి నెత్తినే ఆ పని పడుతుందన్న ఇంగితం ఉన్నవాళ్లం కాబట్టి మేమెవరమూ వెళ్లం అన్నాం. సీనియర్ అసిస్టెంట్ వకుళ గారు పార్వతీపురం నుంచి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలే అయింది. పైగా ఎంపిక జరుగుతున్నప్పుడు ఆవిడ గదిలో లేరు. ఆవిడ పేరు రాసేశాం.

వకుళ గారికి కరెంటంటే భయం. ఇంట్లో మిక్సీ స్విచ్చి చెక్క తెడ్డుతో వేస్తారని ఆవిడే చెప్పారు. అలాంటి మనిషి వారం తర్వాత తిరిగొచ్చినప్పుడు ముఖం వేరేగా ఉంది. చేతిలో తళతళలాడే చిన్న కవరు, అందులో చూపుడువేలంత పచ్చటి రేకు ముక్క.

"ఇది మెమరీ అండీ" అన్నారు మా అందరికీ చూపిస్తూ. "మన కంప్యూటర్‌లో ఇది చాలక అది అంతసేపు తన్నుకుంటోంది. నాలుగు కూరగాయలు తరగడానికి చోటు లేని గట్టు మీద పెళ్లి వంట చేస్తున్నట్టు. ఇదొకటి బిగిస్తే గంటలోపు లెక్క తేలిపోతుందన్నారు మా మాస్టారు. ఆయనే ఆఫీసుకొకటి ఇచ్చి పంపారు."

"బిగించడం మీకొచ్చా?" అన్నాను.

"వచ్చండీ. ముందు స్విచ్చి ఆపాలి. వైరు పీకెయ్యాలి. పీకాక కూడా బటన్ ఒకసారి నొక్కాలి, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. తర్వాత ఇనప డబ్బాని చేత్తో తాకాలి, మన ఒంట్లో కరెంటు పోవడానికి."

"మన ఒంట్లో కూడా ఉంటుందా?" అన్నారు సూపరింటెండెంట్ భద్రయ్య గారు.

"ఉంటుందటండీ."

"ఈ ఆఫీసులో ఎవరికీ ఉండదు. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నారాయన.

ఆ రోజే బిగించేసేవారు వకుళ గారు. కానీ ప్రభుత్వ వస్తువు మూత తీయాలంటే అనుమతి కావాలి. నోట్ పెట్టారు. "ఆఫీసు కంప్యూటర్‌ని అప్‌గ్రేడ్ చేయుటకు అనుమతి కోరడమైనది." సాయంత్రానికి ఎర్రసిరాతో వెనక్కొచ్చింది. ఆ ఉగాది నుంచి ఫైళ్లలో ఇంగ్లీషు మాట కనపడకూడదని మాకు కొత్త నియమం. ఏ మాటకి ఏం రాయాలో చెబుతూ పెద్దలు ఒక పదకోశం కూడా పంపారు. వకుళ గారు అందులో వెతికారు. మెమరీకి జ్ఞాపకశక్తి అని ఉంది. అప్‌గ్రేడ్‌కి పదోన్నతి అని ఉంది. ఆవిడ ఉన్నదున్నట్టు రాశారు. "కార్యాలయ గణకయంత్రమునకు జ్ఞాపకశక్తి పెంపు ద్వారా పదోన్నతి కల్పించుటకు అనుమతి కోరడమైనది."

పదోన్నతుల ఫైళ్లు భద్రయ్య గారి సీటువి. ఫైలు నడుచుకుంటూ ఆయన బల్ల మీదికి పోయింది.

"ఇది మనుషుల సంగతి కాదండీ, యంత్రం" అని వకుళ గారు వెళ్లి చెప్పారు.

భద్రయ్య గారు రూల్సు పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించారు. "మనిషని ఎక్కడుంది చూడండి. 'కార్యాలయమునందు పనిచేయు' అని ఉంది. అది పనిచేయడం లేదా?"

"చేస్తోందండీ. నెమ్మదిగా."

"ఇక్కడ గబగబా చేస్తున్నవాళ్లెవరో చెప్పండి, వాళ్లనీ చూద్దాం" అని ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "పదోన్నతి అన్నాక పద్ధతి ఉంటుంది. సీనియారిటీ జాబితా కావాలి. రహస్య నివేదికలు కావాలి. కమిటీ కూర్చోవాలి. మీరు నేర్చుకొచ్చింది బిగించడం. అర్హత తేల్చడం మా పని."

మా ఆఫీసులో కంప్యూటర్లు రెండు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు ఒకే వ్యానులో వచ్చాయి. ఒకటి లెక్కలు చేసేది. రెండోది నా బల్ల మీదుంది. వచ్చిన ఏడాదే పిడుగు పడి లోపలంతా మాడిపోయింది. నేను దాని మీద అన్నం క్యారేజీ పెట్టుకునేవాణ్ని. పైన వెడల్పుగా, చదునుగా, బాగుండేది.

సీనియర్ ఏదన్న ప్రశ్న వచ్చింది. అటెండర్ అప్పలసూరిని పిలిపించి ఆ రోజు వ్యానులోంచి ముందు దేన్ని దించావని అడిగారు. అప్పలసూరి చాలాసేపు ఆలోచించి, మాడిపోయినదాన్నే ముందు దించానని చెప్పాడు. రహస్య నివేదికలు చూసినా దానిదే పైచేయి. లెక్కలు చేసే కంప్యూటర్ మీద ఐదు ఊళ్ల నుంచీ ఫిర్యాదులున్నాయి. మాడిపోయినదాని మీద సర్వీసంతటిలో ఒక్క మాట పడలేదు. ప్రవర్తన: నిష్కళంకం. వివాదములు: లేవు. విద్యుత్ వినియోగం: ఆదర్శప్రాయం.

కమిటీ ఏకగ్రీవంగా దానికే పదోన్నతి ఇచ్చింది.

"అది చచ్చిపోయిందండీ" అన్నారు వకుళ గారు.

"రికార్డులో ఎక్కడా లేదు" అన్నారు భద్రయ్య గారు. "దాన్ని తీసేశామని ఉత్తర్వు లేదు. ఉత్తర్వు లేనంతకాలం అది సర్వీసులో ఉన్నట్టే. ఇంతమంది గుమాస్తాల విషయంలో మనం అదే పాటిస్తున్నాం."

కూర్మారావు గారు మాత్రం వకుళ గారి బాధ అర్థం చేసుకున్నారు. "చూడండమ్మా, ముందు సీనియర్‌కి ఇచ్చేస్తే రెండోదానికి దారి క్లియరవుతుంది. ఇంకో ముక్క కోసం ఇండెంట్ పెడదాం. వచ్చే బడ్జెట్‌లో కాకపోతే ఆ పై బడ్జెట్‌లో వస్తుంది" అని ఓదార్చారు.

నా క్యారేజీ తీసి పక్కన పెట్టాను. అందరం చుట్టూ నిలబడ్డాం. వకుళ గారు వైరు ఎక్కడా తగిలించి లేని యంత్రానికి కూడా, నేర్చుకున్న పద్ధతి ప్రకారం, బటన్ ఒకసారి నొక్కారు. ఇనప డబ్బాని తాకారు. మూత తీశారు. లోపల కాలిన వాసన ఇంకా ఉంది. ఆవిడ గాడిలో ముక్కని నిలబెట్టి, రెండు చివర్లా బొటనవేళ్లు ఆన్చి నొక్కితే క్లిప్పులు రెండూ టక్కుమని పట్టుకున్నాయి. జీవితంలో అది ఆవిడ సొంతంగా చేసిన మొదటి బిగింపు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమో, ఇంకోటో, నేను అడగలేదు. కూర్మారావు గారు కంప్యూటర్‌కి దండ వేశారు. ఉప్మా, జిలేబీ పంచారు.

శ్రావణంలో గెడ్డ పొంగింది. మా మెసేజి యథావిధిగా వెళ్లింది. మర్నాడు ఆ ఐదు ఊళ్లలో ఒకటైన లోతుగెడ్డ సర్పంచ్ తవిటమ్మ మోకాళ్ల దాకా బురదతో ఆఫీసుకొచ్చింది. యాభయ్యేళ్ల మనిషి. పంట మునిగి, రెండు గేదెలు కొట్టుకుపోయి వచ్చినా కేకలెయ్యలేదు. వకుళ గారి ఎదురుగా బెంచీ మీద కూర్చుంది.

"ఏటమ్మా, కొత్త సామానేదో నేర్సుకొచ్చినారట గదా. అదెట్టితే ముందే తెలుస్తాదట గదా. మరెందుకెట్టనేదు?"

"పెట్టామండీ. వేరేదానికి పెట్టాం" అన్నారు వకుళ గారు తల దించుకుని.

తవిటమ్మ నా బల్ల మీదున్న కంప్యూటర్‌ని, దాని మెడలో వాడిన దండని చూసింది. "ఆడ తీసి ఈడెట్టడానికేటి కష్టం?"

కష్టం ఉంది. వకుళ గారు అప్పటికే నోట్ పెట్టారు. పదోన్నతి పొందినదాన్నించి జ్ఞాపకశక్తి తీసెయ్యడమంటే దాన్ని కింది హోదాకి దించడం. అది శిక్ష. శిక్ష వెయ్యాలంటే నేరారోపణ పత్రం ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరగాలి. భద్రయ్య గారు అన్యాయం చేసే మనిషి కాదు. "మీకు పదోన్నతి కల్పించిన నాటి నుండి ఏ పనియు చేయకుండుటకు కారణమేమి?" అని మెమో తయారుచేసి, ఇద్దరు సాక్షుల ఎదుట కంప్యూటర్‌కి అతికించారు. ఒక సాక్షిని నేనే. గడువు ముగిసినా జవాబు రాలేదు.

"మౌనం అర్ధాంగీకారమే గదండీ" అన్నారు వకుళ గారు.

"అర్ధమే" అన్నారు భద్రయ్య గారు. "మిగతా అర్ధం విచారణలో తేలాలి."

భాద్రపదం మొదట్లో ఒక పొద్దున కొండల మీద ఆకాశం నేరేడుపండు రంగుకి తిరిగింది. పది గంటలకి గేజి లెక్కలు రావడం మొదలైంది. అంతకు ముందెప్పుడూ చూడని అంకెలు. మా కంప్యూటర్ వాటిని అందుకుని, చిన్న గుండ్రటి గుర్తు తిప్పుకుంటూ ఆలోచనలో పడింది. కూర్మారావు గారు తలుపేసుకుని వరద సన్నద్ధత మీద పైవాళ్లతో వీడియో సమావేశంలో ఉన్నారు. ఆయన్ని కదపకూడదని బయట అప్పలసూరిని నిలబెట్టారు.

వకుళ గారు కాసేపు ఆ తిరిగే గుర్తు వంక చూశారు. తర్వాత లేచి నా బల్ల దగ్గరికొచ్చి, దండ తీసి నా చేతిలో పెట్టి, మూత ఊడదీశారు. క్లిప్పులు నొక్కితే ముక్క పైకొచ్చింది.

భద్రయ్య గారు తన కుర్చీలోంచి చూశారు. "వకుళ గారూ, విచారణ పెండింగ్‌లో ఉంది."

"ఉండనివ్వండి" అన్నారావిడ.

ఆయన లేచారు, మళ్లీ కూర్చున్నారు. ఆవిణ్ని ఆపాలంటే ఈ.ఈ. గారి ఉత్తర్వు కావాలి. ఈ.ఈ. గారు సమావేశంలో ఉన్నారు. ఉత్తర్వు లేకుండా ఆపే రకం కాదు భద్రయ్య గారు. ఆయన నిజాయితీ ఆ రోజు ఐదు ఊళ్లకి మేలు చేసిందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

లెక్కలు చేసే కంప్యూటర్ ఆపారు. వైరు పీకారు. ముక్క బిగించి మళ్లీ వేస్తే తెర వెలగలేదు, కూత మాత్రం వచ్చింది. కీ, కీ, కీ అని మూడుసార్లు. వకుళ గారి ముఖం తెల్లబోయింది. మంచో చెడో, ఉన్న ఒక్కదాన్నీ చంపేశానని అనుకున్నారట. గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నారు. దేవుడి పేరనుకున్నాను. తర్వాత చెప్పారు, మాస్టారి నోట్సు వల్లె వేశారట. కళ్లు తెరిచి నన్ను రబ్బరు అడిగారు. ముక్కని బయటికి తీసి, దాని అంచున ఉన్న బంగారు రంగు గీతల్ని పెన్సిలు రబ్బరుతో మెల్లిగా రుద్దారు. ఊది, గాడిలో నిలబెట్టి, ఈసారి గట్టిగా నొక్కారు. అటు టక్, ఇటు టక్. మొదటిసారి ఇటువైపుది పట్టలేదన్నమాట.

తెర వెలిగింది. ముప్పావుగంటలో లెక్క తేలింది. సాయంత్రం నాలుగింటికి లోతుగెడ్డలో మనిషి లోతు నీళ్లు. అప్పటికి పదకొండున్నర కూడా కాలేదు. మా విభాగం చరిత్రలో వరద కంటే ముందు బయల్దేరిన మొదటి మెసేజిని నా చేత్తో నేనే పంపాను. వకుళ గారు కుర్చీలో కూలబడి మంచినీళ్లు తాగారు.

పదినిమిషాలకి ఫోన్ మోగింది. తవిటమ్మ.

"మెసేజి అందిందమ్మా. పొద్దున వాన సూసి బయపడి, అందరం పిల్లల్తోటి, గొడ్డుగోదతోటి బడి మిట్ట మీదికి ఎక్కీసినాం. మీ మెసేజి సూసి ఇప్పుడే దిగుతున్నాం."

వకుళ గారికి అర్థం కాలేదు. "దిగడమేమిటండీ?"

"మీ మెసేజొచ్చిందంటే వరద ఎలిపోనట్టే గదా. ఈసారి ఊళ్లోకి రాకుండానే ఎలిపోనాది. మంచిదే."

వకుళ గారు లేచి నిలబడ్డారు. "తవిటమ్మ గారూ, దిగకండి. ఇది నిజంగా ముందు పంపాం. వరద ఇంకా రాలేదు. రాబోతోంది."

"అలగని అందులో నేదే. వచ్చియుండును అని ఉంది. మా ఊళ్లో సంటిపిల్లలకి కూడా దానర్దం తెలుసు."

"అది పాత వాక్యమండీ, మార్చడానికి అనుమతి లేదు. నా మాట వినండి. ఆ రేకుముక్క ఇందాక నా చేత్తో తీసి ఇక్కడ బిగించాను."

"అడిగి తీసినావా, అడక్కుండా తీసినావా?" అంది తవిటమ్మ.

"అడక్కుండానే."

"అలగైతే నిజమే" అని తవిటమ్మ ఫోన్ పెట్టకుండానే వెనక్కి తిరిగి కేకేసింది. మిగతా నాలుగు ఊళ్లకీ కూడా ఆవిడే మనుషుల్ని పరుగెత్తించింది. వకుళ గారు, నేను కూడా ఒక్కో సర్పంచ్‌కీ ఫోన్ చేసి, మా మెసేజిని మా పాత మెసేజిలా చదవొద్దని బతిమాలుకున్నాం. నాలుగింటికి నీళ్లొచ్చాయి. ఇళ్లు మునిగాయి. మనుషులందరూ, గొడ్లన్నీ మిట్టల మీదున్నాయి. ఒక్క ప్రాణం పోలేదు.

తర్వాతి వారం విచారణకి పైనుంచి పెద్దాయన వచ్చారు. కారులోంచి దిగేటప్పుడే గంభీరంగా ఉన్నారు. వకుళ గారి మీద ఆరోపణ చదివారు. "తేదీ ఫలానా నాడు ఉదయం, ముసలిగెడ్డ యందు ఎట్టి వరదయు లేని సమయమున, వరద కలదని ప్రజలకు వర్తమానము పంపి, సుమారు నాలుగున్నర గంటల పాటు అసత్యమును వ్యాప్తిలో ఉంచినారు."

"నాలుగింటికి నిజమైంది గదండీ" అన్నారు వకుళ గారు.

"తర్వాత నిజమైనంత మాత్రాన ముందు అబద్ధం కాకుండా పోదు" అన్నారు పెద్దాయన. ఆయనకి తర్కశాస్త్రంలో పట్టా ఉందని కూర్మారావు గారు మాకు చెవిలో చెప్పారు.

అయితే అప్పటికే ప్రాణాలు దక్కిన సంగతి పేపర్లో ఫొటోతో సహా పడింది. దాన్ని పడలేదనడానికి వీల్లేదు. శిక్షిస్తే పేపరు ఊరుకోదు, వదిలేస్తే నియమం ఊరుకోదు. పెద్దాయన రెండ్రోజులు అతిథిగృహంలో ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. కంప్యూటర్‌కి ముక్క బిగించడం జరిగిపోయింది కాబట్టి దాన్ని ప్రత్యేక పదోన్నతిగా క్రమబద్ధం చేశారు. పదోన్నతి పొందినవారెవరూ ఉన్నచోట ఉండకూడదు, బదిలీ తప్పనిసరి. కాబట్టి కంప్యూటర్‌ని రాళ్లకుంట కరువు అంచనా విభాగానికి బదిలీ చేశారు. రాష్ట్రంలో ఆ చివర. దానికి బిగించడం తెలిసిన మనిషి వెంట ఉండాలని వకుళ గారిని కూడా. జాబితాలో ఆవిడ పేరు మౌసుకి, వైరుకి మధ్యన ఉంది.

వీడ్కోలుకి తవిటమ్మ వచ్చింది. వకుళ గారికి చీర పెట్టింది. కూర్మారావు గారి దగ్గరికి వెళ్లి, "మరి ఇకమీదట వరదొస్తే మాకెలగ తెలుస్తాదండి?" అనడిగింది. ఖాళీని సీనియర్ కంప్యూటర్‌కి ఇన్‌ఛార్జిగా అప్పగించామని, పాలనలో ఎక్కడా లోటు రాదని ఆయన హామీ ఇచ్చారు.

రాళ్లకుంటలో వకుళ గారికి పనేమీ లేదట. అక్కడి వాన లెక్క సున్నా. కంప్యూటర్ ఆ సున్నాని క్షణంలో తేల్చేసి ఊరికే ఉంటుంది. కానీ ముసలిగెడ్డ గేజి ఇప్పటికీ ఆ కంప్యూటర్‌కే అంకెలు పంపుతోంది. దాన్ని మార్చాలంటే వేరే ఫైలు నడవాలి, ఎవరూ నడపలేదు. కొండల్లో వాన పడ్డప్పుడల్లా, ఎండకి నేల నెర్రెలిచ్చిన ఊళ్లో కూర్చుని వకుళ గారు వరద లెక్క చూసి తవిటమ్మకి, ఆ తర్వాత మిగతా సర్పంచ్‌లకి ఫోన్ చేస్తారు. తవిటమ్మ ఐదు ఊళ్లకీ చాటింపు వేయిస్తుంది. ఇది రెండేళ్లుగా నడుస్తోంది.

మొన్న కార్తీకంలో తుఫాను పట్టినప్పుడు తవిటమ్మ మా ఆఫీసుకే ఫోన్ చేసింది. ఫోన్ కూర్మారావు గారు ఎత్తారు.

"బాబూ, ఈపాలి నీళ్లు మీ ఆఫీసు దాకా వస్తాయట. రెండు గంటల్లో. అందర్నీ తీసుకుని మేడెక్కీయండి."

కూర్మారావు గారు నొచ్చుకున్నారు. "హెచ్చరిక కార్యాలయం నుంచి గ్రామానికి వెళ్లాలమ్మా. గ్రామం నుంచి కార్యాలయానికి రావడానికి నిబంధన లేదు."

"అలగైతే నేనేటీ సెప్పనేదనుకోండి. మీరు ఊరికే మేడ మీద గాలికి ఎల్లండి."

ఆయన ఫోన్ పెట్టి కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. ఆ తర్వాత మేడ మీది నీళ్ల ట్యాంకు తనిఖీ చేసి చాలాకాలమైందని, సిబ్బంది అంతా తోడు రావాలని ఉత్తర్వు వేశారు. అది టైపయి అందరి సంతకాలూ అయ్యేసరికి గంటన్నర పట్టింది. ఆయన ముందు, భద్రయ్య గారు తర్వాత, హోదా ప్రకారం వరసగా మెట్లెక్కాం. భద్రయ్య గారికి మోకాళ్ల నొప్పి, మెట్టుకి ఒకసారి ఆగుతారు. ఆయన్ని దాటడానికి ఎవరికీ అధికారం లేదు. ఆఖరున వచ్చిన అప్పలసూరి పంచె మోకాళ్ల దాకా తడిసింది.

పైకి చేరి ఊపిరి తీసుకున్నాక నేను వకుళ గారికి ఫోన్ చేశాను. అందరం ఎక్కామని, ఎవరికీ ఏం కాలేదని చెప్పాను.

"అప్పలసూరి కూడానా?" అనడిగారు.

"ఇప్పుడే ఎక్కాడండీ. పంచె పిండుకుంటున్నాడు."

"అమ్మయ్య" అన్నారావిడ. "సరే, ఉంటానండీ. రెండో కెరటం ఉంది, ఇంకా రెండు ఊళ్లు ఫోనెత్తలేదు."